విత్తనాల గదిలో అడుగులు

సాంబశివరావు చీపురుపుల్లతో ట్రేలోని ఒక గుంటను కెలికాడు. పైకి లేచిన కొబ్బరిపొట్టును అరచేతిలో వేసుకుని, గడప దగ్గరికి వచ్చి, వెలుగులో బొటనవేలితో నలిపి చూశాడు. ఇసక. ఇంకో గుంట కెలికాడు. అందులోనూ ఇసకే. మూడోదాంట్లో నువ్వుగింజలో సగం కూడా లేని నల్లటి విత్తనం ఒకటి దొరికింది. దానికి మొలక లేదు.

"ఇరవై ఎనిమిది రోజులైంది. ఇరవై ట్రేలు. ఒక్కటంటే ఒక్క మొలక లేదు. సగం గుంటల్లో అసలు విత్తనమే లేదు. ఏందే ఇది ఎలిజబెత్తూ?"

ఎలిజబెత్ గోడవార నిలబడి ఉంది. కొంగు చివరతో వేళ్ళు ఒక్కొక్కటిగా తుడుచుకుంటోంది. వేళ్ళకు అంటింది ఏమీ లేదు.

"నా చేతికిచ్చింది నేను పెట్టానయ్యా. ఇసకలో కలిపే గదా ఇచ్చారు. చిటికెడు చిటికెడు తీసి గుంటకింత పెట్టా. విత్తనమేదో ఇసకేదో అంత సన్నగుంటే ఎట్ట తెలుస్తది?"

"పదకొండేళ్ళ నుంచి మిరప విత్తనం పెడుతున్నావు. నీకు తెలవదా?"

ఆ మాట నిజమే. నరసరావుపేట రోడ్డు మీద ఉన్న ఈ నర్సరీకి వెల్దుర్తి నుంచి వచ్చే రైతులు, నారు ఎలిజబెత్ పెట్టిందేనా అని అడిగి మరీ తీసుకెళ్ళేవారు. ఆమె పెట్టిన ట్రేలో ఖాళీ గుంట వెతికినా కనపడదనేవారు. అందుకే సాగర్ వైపు కడుతున్న రిసార్టు వాళ్ళు లావెండర్ మొక్కలు కావాలని విత్తనం తెచ్చిచ్చినప్పుడు, సాంబశివరావు ఆ పని ఇంకొకరికి చెప్పలేదు. ఇంట్లో ఎండ తగలని పత్తి గదిని కడిగించి, పాత ఏసీ ఒకటి పెట్టించాడు. వాళ్ళిచ్చిన కాగితంలో ఉన్నట్టే, విత్తనాన్ని తడి ఇసకలో కలిపి స్టీలు డబ్బాలో పోసి, నాలుగు వారాలు ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఉంచాడు. ఆ తర్వాత మిరపకు చేసినట్టే చేయించాడు. విత్తనం మీద పొట్టు కప్పించి, ట్రేల మీద ట్రేలు పేర్చి, పైన నల్లపట్టా కప్పించాడు.

"తీశావా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "చెప్పు. నేనేమీ అనను. ఎవరికిచ్చావు?"

ఎలిజబెత్ తల తిప్పి గుమ్మంలో మజ్జిగ గ్లాసుతో నిలబడ్డ పార్వతమ్మ వైపు చూసింది.

"అమ్మా, మీరు చెప్పండి. డబ్బా మీరేగా నాకందించింది."

పార్వతమ్మ చేతిలోని గ్లాసు అంచు దాటి మజ్జిగ కాస్త కారింది. దాన్ని చీర కుచ్చెళ్ళతో తుడిచింది.

"అందిస్తే అందించా. లోపల ఏముందో నాకేం తెలుసు?"

ఎలిజబెత్ మూలనున్న తన టిఫిన్ డబ్బా తీసుకుని, గడప దాటేటప్పుడు పార్వతమ్మ చీర తగలకుండా ఒదిగి పక్కనుంచి వెళ్ళిపోయింది. సాంబశివరావు అప్పటికే ఫోన్ తీశాడు. నర్సరీల వాళ్ళందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో మాట రికార్డు చేసి పెడుతున్నాడు. "అన్నా, ఎలిజబెత్తని ఒకామె మీ దగ్గరికి పనికొస్తే కాస్త జాగ్రత్తగా ఉండండి..."

పార్వతమ్మ గ్లాసును గడప పక్కన పెట్టింది. అది ఎవరి కోసం తెచ్చిందో ఆమెకు గుర్తు రాలేదు.

మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే ఆ స్టీలు డబ్బా చేతికి వచ్చింది. ఎప్పుడో కడిగి బోర్లించిందే. మళ్ళీ తోమింది.

విత్తనం పెట్టిన రోజు కార్తీక సోమవారం. తెల్లారి చన్నీళ్ళు పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని, ఫ్రిజ్‌లోంచి డబ్బా తీసి దేవుడి ముందు పెట్టింది. ఏ విత్తనమైనా నాటేముందు ఆ ఇంట్లో ఆనవాయితీ అది. పసుపు పెట్టి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని, డబ్బాను పత్తి గదికి తీసుకెళ్ళింది. వేళ్ళకు దీపపు నూనె ఉంది. కిటికీ కింద పట్టా మీద మిగిలిన కొబ్బరిపొట్టును నానబెట్టి పలచగా పరిచి ఉంచారు. సరిగ్గా దాని పక్కన డబ్బా జారింది. మూత ఊడి సగం ఆ పొట్టులోకి చిమ్మింది.

గోధుమరంగు పొట్టులో గోధుమరంగు ఇసక, నల్లటి పిసరంత విత్తనాలు. వెలుతురు చాలక, కిటికీ తలుపు తీద్దామని ఆ పొట్టు మీదుగానే నడిచి వెళ్ళింది. తలుపు తీసినా ఏమీ కనిపించలేదు. పెరట్లో భర్త దగ్గు వినిపించింది. గోడవారగా, సిమెంటు అంచు మీద అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగొచ్చి, పెరటి గుమ్మం దగ్గరున్న ఇసక నుంచి రెండు గుప్పెళ్ళు తీసి డబ్బాలో పోసింది. మట్టం సమానమైంది. మూత పెట్టింది. మూత మీద బొట్టు చెరిగితే మళ్ళీ పెట్టింది.

చెప్పకూడదని అనుకోలేదు. సాయంత్రం చెబుదామనుకుంది. ఆ సాయంత్రం ఆయనకు తలనొప్పి. మర్నాడు ఎవరో వచ్చారు. ఆ తర్వాత చెప్పడానికి అదేమంత పెద్ద సంగతి కాదనిపించింది. ఒక సగం మొలిస్తే చాలదా? దేవుడి ముందు పెట్టి తెచ్చిన విత్తనం.

దేవుడి గూడుకు, పత్తి గదికి మధ్య ఒకటే గోడ. ఏసీ గొట్టం ఎక్కడో కారుతోంది. నెల రోజులుగా పార్వతమ్మ లలితా సహస్రనామం చదువుకుంటున్నంతసేపూ అవతలి నుంచి ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక చుక్క, కాస్త ఆగి మరో చుక్క. తడికాళ్ళతో ఎవరో మెల్లగా నడుస్తున్నట్టు. మొదట్లో పట్టించుకోలేదు. ఎలిజబెత్ వెళ్ళిపోయిన సోమవారం సాయంత్రం దీపం పెట్టి కూర్చున్నాక, చదువుతున్న నామం దగ్గర ఆగిపోయింది. ఆమె ఆగితే అదీ ఆగింది. మళ్ళీ మొదలుపెడితే అదీ మొదలైంది. పుస్తకం మూసి కళ్ళకద్దుకుని లేచింది.

మంగళవారం పక్కింటి వందన కరివేపాకు కోసం వచ్చింది. మనిషి వచ్చేలోపే మాట వచ్చేసింది.

"పిన్నీ, ఎలిజబెత్తును అచ్చంపేట నర్సరీవాళ్ళు రావద్దన్నారంట గదా? బంతినారు పనికి రేపటి నుంచి పోవాల్సింది. ఆటోలో సీటు కూడా చెప్పుకుందంట పాపం."

"ఎవరన్నారు?"

"వాళ్ళ చర్చి వీధి వాళ్ళే. యోహాను చెప్పాడు, ఎలిజబెత్తు మరిది. ఏడవలేదంట పిన్నీ. ఇంటి ముందు కూర్చుని ఉత్త ఇసక జల్లెడ పడతందంట. ఏందే అంటే, ఇసకలో విత్తనం నా కంటికి ఆనకుండా ఉంటదో లేదో చూసుకుంటన్నా అందంట. మతి చెడిందేమో."

పార్వతమ్మ కరివేపాకు రెమ్మ విరిచింది. కావలసినదానికన్నా పెద్ద రెమ్మ వచ్చింది.

ఆ సాయంత్రం కూతురు భవ్య బాపట్ల హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. వ్యవసాయం చదువుతోంది. సాంబశివరావు స్పీకర్ పెట్టి జరిగింది చెప్పాడు.

"నాన్నా, ఆ కాగితం రెండో వైపు చదివావా?"

"రెండో వైపు ఏముంది?"

"అయ్యో నాన్నా! లావెండర్ విత్తనం మీద పొట్టు కప్పకూడదు. వెలుతురు తగిలితేనే మొలుస్తది. తడిపొట్టు మీద చల్లి, వేలితో అట్టా అదిమి వదిలేయాలంతే. నువ్వు మిరపకి కప్పినట్టు నల్లపట్టా కప్పావా?"

సాంబశివరావు చెవి గోక్కున్నాడు.

"విత్తనం ఉంటే గదా మొలవడానికి. సగం ఇసకే."

"ఉన్నయ్యి కూడా మొలవలేదంటే అది నీ పట్టా వల్లే. ఎలిజబెత్తక్కనేమీ అనబాక నాన్నా."

ఫోన్ పెట్టేశాక ఆయన రిమోట్ అందుకున్నాడు. తర్వాత భార్య వైపు చూడకుండా అన్నాడు. "వెలుతురు సంగతి బయట అనబాక. రిసార్టు వాళ్ళ చెవిన పడితే బాగోదు. అయినా ఇసక పోసింది ఎవరు? నల్లపట్టా పోసిందా?"

పార్వతమ్మ నోరు తెరిచింది. ఆయన అప్పటికే టీవీ పెట్టాడు.

బుధవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన నర్సరీ వైపు వెళ్ళాడు. గది ఖాళీ చేయమన్నాడు. పనికి ఎలిజబెత్ లేదు కాబట్టి పార్వతమ్మే వెళ్ళింది.

తలుపు తీయగానే చల్లగాలి కాళ్ళకు తగిలింది. ఏసీ ఇంకా నడుస్తోంది. ఎవరూ ఆపలేదు. బయట ఎండ కాస్తుంటే లోపల నూతిలో దిగినట్టుంది. ఒక్కొక్క ట్రే తీసి వరండాలో పెట్టసాగింది. ట్రేల వెనక, విత్తనం పెట్టాక తెచ్చి పేర్చిన పొట్టు బస్తాలు అడ్డంగా ఉన్నాయి. వాటికవతల కిటికీ ఉంది. ఆ రోజు తీసిన తలుపు అలాగే తెరిచి ఉంది. అద్దంలోంచి పడుతున్న వెలుగు బస్తాల పైకి పొగలా కనిపిస్తోంది. ఆమె ఒక బస్తాను పక్కకు లాగింది.

పొట్టు మీద ఎవరో నడిచి వెళ్ళారు.

పచ్చటి పాదాలు. అయిదు. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి. మడమ, పాదం ఒంపు, అయిదు వేళ్ళు. ఒక్కో పాదంలో సన్నటి మొలకలు ఒత్తుగా, ఆవగింజంత ఆకులు రెండేసి విప్పుకుని, అన్నీ కిటికీ వైపు తలలు వంచి ఉన్నాయి. పాదాల చుట్టూ, పాదానికీ పాదానికీ మధ్య ఒక్క మొలక లేదు. ఉత్త గోధుమరంగు పొట్టు. ఏసీ గొట్టం నుంచి చుక్క పడి పట్టా అంచున ఇంకిపోయింది. గుమ్మం వైపు నుంచి కిటికీ దాకా వెళ్ళిన ఆ అడుగులు అక్కడే ఆగిపోయాయి. వెనక్కి వచ్చిన జాడ లేదు.

పార్వతమ్మ కిటికీ దగ్గర ఎవరైనా నిలబడి ఉన్నారేమోనని చూసింది. ఎవరూ లేరు. "అమ్మా," అంది మెల్లగా. ఎవరినో ఆమెకే తెలియదు.

మోకాళ్ళ మీద వంగింది. మునివేలితో ఒక మొలకను తాకితే సన్నని వాసన వచ్చింది. పౌడరు వాసనలా ఉంది, అందులో పచ్చి ఆకు చేదు కలిసినట్టు. అప్పుడు ఎడమ పాదం చూసింది. అది కాస్త బయటికి తిరిగి ఉంది. కోటప్పకొండ మెట్ల మీద జారిపడినప్పటి నుంచి తన ఎడమ పాదం అలాగే పడుతుంది. బొటనవేలి పక్క వేలు చుట్టూ మొలక లేని సన్నటి గీత ఉంది. మెట్టె మందం.

తన మెట్టె వైపు చూసుకుంది. మళ్ళీ ఆ గీత వైపు చూసింది.

వేలితో అదిమి వదిలేయాలంతే, అంది భవ్య. చిమ్మిన విత్తనమంతా ఎండి పోయింది. తను తొక్కిన చోట మాత్రం తడిలోకి దిగి బతికింది. నెల రోజులుగా, గోడకు ఇవతల తను నామాలు చదువుకుంటుంటే, గోడకు అవతల తన అడుగులు ఒక్కో ఆకే విప్పుకుంటూ పైకి లేచాయి.

చెరిపేద్దామనుకుంది. అరచేయి చాచింది. ఒక్కసారి అటూ ఇటూ రుద్దితే చాలు. మొలకలు చేతి నీడలో ఊపిరి తగిలినట్టు కదిలాయి. ప్రాణమున్న మొలకను ఆమె ఇంతవరకు చేతులారా నలిపింది లేదు. తులసి కోటలో కలుపు తీయడానికి కూడా దణ్ణం పెట్టుకునే మనిషి. చేయి అలాగే గాలిలో ఉండిపోయింది.

"పిన్నీ, రేపు లక్ష్మివారం గదా, తమలపాకులు..." అంటూ వందన గుమ్మంలోకి వచ్చింది. తమలపాకులు చేతిలోంచి జారాయి.

"పిన్నీ! అమ్మవారి పాదాలు!"

"కాదే వందనా, అవి..."

"మెట్టె చూడు పిన్నీ! ముత్తైదువ పాదం! మార్గశిర లక్ష్మివారం ముందురోజు, తాళమేసిన గదిలో! మొలవని విత్తనం మొలిచింది! నువ్వు దణ్ణం పెడతన్నావు గదా, నేను చూశా!" వందన చెంపలు వేసుకుంటూ అప్పటికే బయటికి పరుగెత్తింది. వీధిలోంచి ఆమె కేక వినిపించింది.

గదికి తాళం వేయలేదు. చాచిన చేయి దణ్ణానికి చాచింది కాదు. ఈ రెండు ముక్కలూ పార్వతమ్మ నోట్లోనే ఉండిపోయాయి.

గురువారం పొద్దున ఎనిమిదింటికల్లా వరండా నిండింది. ఆడవాళ్ళు తలారా స్నానాలు చేసి, చామంతులు, పసుపు, కుంకుమ, అరటిపళ్ళు పట్టుకుని వచ్చారు. పొట్టు చుట్టూ బియ్యప్పిండితో ముగ్గు పెట్టారు. మొలకలకు తగలకుండా ప్రతి పాదం వేళ్ళ ముందూ ఒక కుంకుమ బొట్టు, మడమ వెనక ఒక చామంతి. ఒక ముసలావిడ నేల మీద సాగిలపడి, లేవలేక లేవలేక లేచింది. "లోపలికే వచ్చినయ్యి అడుగులు. బయటికి పోలేదు. ఇంట్లోనే ఉంది తల్లి," అని పార్వతమ్మ గడ్డం పట్టుకుంది. "నీ పూజ ఊరికే పోలేదమ్మా."

పార్వతమ్మ హారతి పళ్ళెం పట్టుకుని నిలబడింది. కర్పూరం వెలిగించమన్నారు. వెలిగించింది. తిప్పమన్నారు. తన పాదాలకు తానే హారతి తిప్పింది. మంట చేతికి తగులుతున్నట్టు అనిపించింది కానీ చేయి వెనక్కి తీయలేదు. అందరూ కళ్ళకద్దుకుంటుంటే, ఇది చూస్తూ కూడా అమ్మవారు ఊరుకుందేమిటని ఆమెకు భయం వేసింది. ఇంకొకరి నోరు ఎందుకు తెరిపించదు? తన నోరు తెరవాలనేనా?

సాంబశివరావు కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. రెండు రోజుల నుంచి ఆయన భుజాల మీద ఉన్నదేదో దిగిపోయినట్టుంది.

"పోయిన విత్తనం ఆ తల్లే తెచ్చి మొలిపించింది," అన్నాడు అందరికీ వినపడేట్టు. "తీసిందెవరో కూడా ఆమె ముందే తేలాలి. కబురు పెట్టా, వస్తంది."

ఎలిజబెత్ వచ్చింది. చెప్పులు గేటు బయటే వదిలింది. వరండాలోని ఆడవాళ్ళు చీరలు దగ్గరికి లాక్కుని దారి ఇచ్చారు. తెల్ల చీర కట్టుకుంది, చర్చికి కట్టుకునేది. గుమ్మం దగ్గర ఆగి, లోపలికి చూసింది. పూలనూ, బొట్లనూ కాదు. మొలకలను. ఆమె పెదవులు కదిలాయి. లెక్కపెడుతోంది.

"ఎలిజబెత్తూ," అన్నాడు సాంబశివరావు, "నిన్ను ఒక మాట అనాలని నాకూ లేదు. ఇదుగో అమ్మవారి పాదం. దీని మీద చెయ్యేసి, నేను విత్తనం తియ్యలేదు, ఇసక పొయ్యలేదు అని ప్రమాణం చెయ్యి. అచ్చంపేటకి ఇప్పుడే ఫోన్ చేసి చెబుతా."

"ఆమె ప్రమాణం ఆమె దేవుడి మీద గదా బాబాయ్," అంది వందన మెల్లగా.

"నేను యేసయ్య బిడ్డనే," అంది ఎలిజబెత్. "అయినా చేస్తా. ఈ గదిలో ఏం జరిగిందో మీ అమ్మవారు చూసే ఉంటది గదా. చూసినామె అంటే నాకు భయమేముంది?"

కొంగు నడుముకు దోపుకుంది. గడప దాటి వచ్చి మొదటి పాదం ముందు గొంతుకూర్చుంది. మొలకలు నలగకుండా ఎక్కడ చెయ్యి ఆనించాలా అని వెతుకుతోంది. ఒంపు దగ్గర కాస్త ఖాళీ ఉంది. కుడి అరచేయి మెల్లగా దించసాగింది.

"ఆగు."

ఆ గొంతు తనదని పార్వతమ్మకు కాస్త ఆలస్యంగా తెలిసింది. హారతి పళ్ళెం కింద పెట్టింది. ముగ్గు దాటింది. చామంతి ఒకటి కాలికి తగిలి దొర్లింది. వెనక నుంచి ఎవరో "అయ్యో తొక్కుతున్నావ్" అన్నారు. కుడి కాలు మొదటి పాదంలో పెట్టింది. ఎడమ కాలు, బయటికి తిరిగిన కాలు, రెండోదాంట్లో పెట్టింది. వేళ్ళు వేళ్ళలో కూర్చున్నాయి. మెట్టె గీతలో దిగింది. ఆ రెండు కాళ్ళ చుట్టూ పిసరంత పచ్చదనం కూడా బయటికి కనిపించలేదు. వాసన గుప్పున లేచి గది అంతా నిండింది.

ఏసీ గొట్టం నుంచి చుక్క పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

"పిన్నీ, అపచారం..." అంది వందన. మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమె కళ్ళు ఆ కాళ్ళ మీదే ఉన్నాయి.

"అమ్మవారు కాదే. నేను," అంది పార్వతమ్మ. "కార్తీక సోమవారం నాడు డబ్బా నా చేతిలోంచి జారింది. సగం ఇక్కడ పడిపోయింది. ఆ సగం జాగాలో ఇసక పోసింది నేను. మూత పెట్టి, బొట్టు పెట్టి, ఎలిజబెత్తు చేతికిచ్చింది నేను. మొన్న సోమవారం ఆమె నన్నడిగితే నాకు తెలవదని చెప్పింది కూడా నేనే."

సాంబశివరావు నోరు తెరిచాడు. "పట్టా కప్పించింది మీరు," అంది ఆమె అతని వైపు తిరగకుండానే. పొద్దున సాగిలపడిన ముసలావిడ అరచేతిలోని కుంకుమ వైపు చూసుకుని, దాన్ని ఏం చేయాలో తెలియక గుప్పిట మూసింది.

ఎలిజబెత్ ఇంకా గొంతుకూర్చునే ఉంది. తల ఎత్తి పార్వతమ్మ ముఖంలోకి చూడలేదు. ఆమె చూపు ఆ కాళ్ళ దగ్గరే ఉంది.

"కాలు తియ్యండమ్మా," అంది.

"ఎలిజబెత్తూ, నన్ను..."

"అచ్చంపేటకి మీరే ఫోన్ చేసి, ఇప్పుడు చెప్పిందంతా చెప్పండి. అది తర్వాత. ముందు కాలు తియ్యండి. కింద మొలకలున్నయ్."

ఎలిజబెత్ పార్వతమ్మ మడమను రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా పైకెత్తింది. కింద మొలకలు పొట్టుకు అతుక్కుపోయి ఉన్నాయి. ఎలిజబెత్ చిటికెనవేలి గోరుతో ఒకదాన్ని లేపి నిలబెట్టింది. అది మళ్ళీ వాలింది. ఇంకోసారి లేపి, మొదట్లో పొట్టు అదిమింది. నిలబడింది. రెండోదాని దగ్గరికి జరిగింది.

ఎత్తిన కాలు దించడానికి పార్వతమ్మకు చోటు కనిపించలేదు. ముందు మొలకలు, పక్కన కుంకుమ, వెనక ముగ్గు. ఒంటికాలి మీద ఊగుతూ చేయి చాచింది. ఆ చేతికి ఎవరి చేయీ అందలేదు.

"అట్టనే ఉండండి," అంది ఎలిజబెత్, తల ఎత్తకుండా. "ఇంకా చానా ఉన్నయ్."